ఐరిష్ వంశావళి పరిశోధన

పాత ఐరిష్ న్యాయంలో ఒకే ముత్తాత సంతతిలోని మగవాళ్లకే పొలంలో వాటా, రాచగద్దె మీద హక్కు ఉండేవి. వంశావళి అంటే ఆస్తి దస్తావేజన్నమాట. దాన్ని రాసి భద్రపరచడం కొన్ని పండిత కుటుంబాలకు వంశపారంపర్య వృత్తి. స్లైగో ప్రాంతపు మక్‌ఫిర్బిస్‌లది అలాంటి ఇల్లే. వారిలో చివరి పండితుడు డుయాల్డ్ మక్‌ఫిర్బిస్, ఇంగ్లీషు సేనాని క్రామ్‌వెల్ సేనలు దేశాన్ని ఆక్రమిస్తున్న 1649–50లో, గాల్వేలో కూర్చుని వంశావళుల బృహద్గ్రంథం రాశాడు. ఇలాంటి గ్రంథాల్లో తొలి తరాలు బైబిల్లోని నోవహు దాకా ఎగబాకుతాయి. అంత పైకి నమ్మనక్కర్లేదు. పైగా అవి దొరల వంశాలు. కౌలుదారు తాత పేరు వాటిలో వెతకడం వృథా.

ఇంటిపేర్లదీ ఒక చిక్కే. ‘ఓ’ అంటే మనవడు, ‘మాక్’ అంటే కొడుకు. ఇంగ్లీషు పాలనలో చాలామంది ‘ఓ’ను వదిలేశారు. 19వ శతాబ్ది చివర గేలిక్ భాషాభిమానం పెరిగాక మళ్లీ తగిలించుకున్నారు. దాంతో తాత సలివన్, మనవడు ఓసలివన్.

1845లో మొదలైన బంగాళాదుంప కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి ఓడలెక్కారు. పూర్వీకుల కోసం నేడు వెతికేవారిలో ఎక్కువమంది ఆ వలసదారుల సంతతే. చాలా ఇళ్లలో ‘కార్క్ నుంచి వచ్చాం’ అన్న మాటొక్కటే మిగిలింది. ఆ కబురుతో పని జరగదు. కార్క్ ఒక కౌంటీ, అంటే జిల్లాలాంటిది. కౌంటీలోపల ప్యారిష్, దానిలోపల టౌన్‌ల్యాండ్ అనే చిన్న పల్లె విభాగం తెలియాలి. ఈ టౌన్‌ల్యాండ్‌లు దేశం మొత్తంలో 60 వేలకు పైనే.

1922 జూన్ 30న, ఐరిష్ అంతర్యుద్ధం తొలి రోజుల్లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలోని ప్రభుత్వ దస్తావేజుల భవనం పేలి తగలబడింది. వీలునామాలు, 1821–51 జనాభా లెక్కల్లో దాదాపు అన్నీ బూడిదయ్యాయి. కాలిన కాగితపు ముక్కలు నగరమంతటా రాలాయి. అయితే అన్ని నష్టాలనూ ఆ మంటకే అంటగట్టడం సరికాదు. 1861, 1871 లెక్కలను ప్రభుత్వమే ముందుగా నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచయుద్ధకాలంలో కాగితపు గుజ్జయ్యాయి. కాథలిక్ చర్చి పుస్తకాలు ఆ భవనంలో లేవు గనుక బతికాయి.

పరిశోధకులకు అక్కరకొచ్చినవి వేరే పనికోసం రాసిన కాగితాలు. 1847–64 మధ్య రిచర్డ్ గ్రిఫిత్ నడిపిన భూమి విలువ లెక్కింపు పన్ను కోసం జరిగింది. అందులో కౌలుదారు, భూస్వామి, విస్తీర్ణం, విలువ ఉంటాయి, భార్యాబిడ్డలు ఉండరు. ఒకే పల్లెలో ఇద్దరు ప్యాట్రిక్ మర్ఫీలుంటే తేడా తెలియడానికి పక్కన తండ్రి పేరు చేర్చేవారు. విలియం బెథామ్ అనే వంశచిహ్నాల అధికారి పాత వీలునామాల్లోంచి వంశ వివరాలు ఎత్తి రాసుకున్నాడు. అసళ్లు కాలిపోయాయి, ఆయన నోట్సు మిగిలింది.

అన్నిటికన్నా ముచ్చటైనవి పింఛను దరఖాస్తులు. 1909 జనవరి నుంచి 70 ఏళ్లు నిండిన పేదలకు పింఛను మొదలైంది. జనన నమోదు అందరికీ వర్తించింది 1864లోనే కాబట్టి, ముసలివాళ్ల దగ్గర వయసు రుజువు లేదు. తల్లిదండ్రుల పేర్లు, పల్లె రాసి పంపితే గుమాస్తా 1841, 1851 లెక్కల్లో వెతికి, దొరికింది ఫారం మీద రాసేవాడు. లెక్కలు పోయాయి, ఆ ఫారాలున్నాయి. పింఛను మహిమ 1911 లెక్కల్లోనూ కనిపిస్తుంది: 1901 తర్వాతి పదేళ్లలో ఏకంగా పదిహేనేళ్లు పెరిగిన అవ్వలు, తాతలు అందులో కొల్లలు.

కాథలిక్ చర్చి పుస్తకాలను జాతీయ గ్రంథాలయం మైక్రోఫిల్మ్‌గా తీసి, 2015లో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. జ్ఞానస్నానం పొందిన బిడ్డ, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, తేదీ వాటిలో దొరుకుతాయి. చాలాచోట్ల రాత లాటిన్‌లో ఉంటుంది. జేమ్స్ కోసం వెతికేవారు జాకోబస్ దగ్గర, విలియం కోసం వెతికేవారు గులియెల్మస్ దగ్గర ఆగాలి. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ ఆధ్వర్యంలో 2022లో, మంటకు నూరేళ్లు నిండినప్పుడు, పోయిన దస్తావేజుల నకళ్లను ఎక్కడెక్కడి నుంచో కూర్చిన వర్చువల్ ఖజానా తెరుచుకుంది.