బాలింతకు ధైర్యము చెప్పు విద్య

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతముల పల్లెలలో కాన్పులు ఆసుపత్రులకు మారకముందు ఆ భారమంతయు మంత్రసానిదే. బొడ్డు కోయుట, బిడ్డను రొమ్మునకు చేర్చుట, పాలు పడలేదని ఏడ్చు బాలింతను ఊరడించుట ఆమె పనులే. ఈ పనులలో చివరి రెండింటికి నేడు ప్రత్యేకమైన చదువు, పరీక్ష ఏర్పడినవి. అంతవరకు వచ్చిన దారి తిన్ననిది కాదు.

మొదటి చిక్కు ముర్రుపాలు. కాన్పయిన వెంటనే వచ్చు ఈ పసుపుపచ్చని చిక్కని పాలను పిండి పారబోసి, మూడు దినములు తేనెయో పంచదార నీళ్లో నాకించు ఆచారము చాలచోట్ల ఉండెను. దీనిని వట్టి మూఢత్వమని త్రోసివేయరాదు. స్తన్యము మూడు నాలుగు రాత్రులకు ప్రవర్తించునని, అంతవరకు తేనె, నెయ్యి ఈయవలెనని సుశ్రుత సంహితయే చెప్పుచున్నది. పాలు నిండుగా పడుటకు రెండు మూడు దినములు పట్టునన్న పరిశీలన సరియైనదే; తప్పంతయు చికిత్సలో నున్నది. ముర్రుపాలు కొద్దిగనే వచ్చును, కాని రోగములను ఎదిరించు పదార్థములు వానిలో మెండు. పైగా బిడ్డ చప్పరించిననే తల్లి మెదడుక్రింది పిట్యూటరీ గ్రంథినుండి ప్రొలాక్టిన్ విడుదలయై పాలు తయారగును. దూడకు ముర్రు త్రాగించుట మరువని రైతు ఇంట పసికందుకే అది దక్కకపోవుట వింత!

రెండవది “పాలు చాలవు” అను భయము. పేద తల్లికి తిండి చాలదు గనుక పాలును ఉండవని పెద్దలు తలచుట సహజమే. పోషకాహార శాస్త్రజ్ఞుడు సి. గోపాలన్ కూనూరు పరిశోధనశాలలో దీనిని కొలిచి చూచెను. 1958లో ఆ శాల హైదరాబాదుకు తరలినది. అతని స్తన్య పరిశోధనలు వెలువడినదియు ఆ యేడే. చాలీచాలని తిండి తిను తల్లులు సైతము దినమునకు సుమారు అరలీటరు పాలిచ్చుచున్నట్లు తేలెను. తల్లికి తిండి అక్కరలేదని దీని అర్థము కాదు. ఆమె తన ఒంటిని కరిగించియే బిడ్డను పోషించుచున్నది.

మరి పాలుండియు రాకపోవుట ఏల? 1948లో అమెరికాలో న్యూటన్ దంపతులు ఒక చిత్రమైన ప్రయోగము చేసిరి. బిడ్డకు పాలిచ్చు తల్లి పాదములను మంచునీటిలో ముంచిరి, కాలివ్రేళ్లు లాగిరి, లెక్కలు అడిగిరి. బిడ్డకు అందిన పాలు తగ్గెను. ఆక్సిటోసిన్ సూదిమందు ఇచ్చినచో మరల దిగెను. పాలు రొమ్ములోనే యున్నవి. నొప్పియు కలతయు వానిని దిగనీయలేదు. దిగులుపడు బాలింతకు “ఏమీ భయములేదమ్మా” అని మంత్రసాని చెప్పిన మాటకు శరీరశాస్త్రము ఇచ్చిన సాక్ష్యమిది.

ఇంతలో డబ్బాపాలు వ్యాపించెను. వాని ప్రచారమువలన శిశువులు మరణించుచున్నారని 1939లోనే సింగపూరులో డాక్టరు సిసిలీ విలియమ్స్ బహిరంగముగా దుయ్యబట్టినది. ఆ ప్రకటనలను అరికట్టు నియమావళిని ప్రపంచ ఆరోగ్య సభ 1981లో ఆమోదించినది. భారతదేశపు చట్టము 1992లో వచ్చినది.

తల్లికి తల్లియే తోడుగా 1956లో అమెరికాలో ఏడుగురు స్త్రీలు లా లెచే లీగ్ స్థాపించిరి. ఆ ఉద్యమపు అండతోనే 1985లో స్తన్యపాన సలహాదారులకు అంతర్జాతీయ పరీక్ష మొదలైనది. దానికి కూర్చొనువారు 95 గంటల పాఠములు వినవలెను; వానిలో 5 గంటలు కేవలము మాట్లాడు తీరునకే! తల్లులకు సాయపడిన అనుభవమును చూపవలెను.

ఉత్తరాంధ్ర పల్లెలలో ఈ పని నిజముగా చేయువారు నర్సులు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు. 2016లో ఆరంభమైన ‘మా’ కార్యక్రమము ఆశాలకు తల్లుల సమావేశములు జరుపు పని అప్పగించెను. చనుమొన మాత్రమే కాక చుట్టునున్న నల్లని భాగమును వీలైనంత బిడ్డ నోటిలోనికి పోవునట్లు పట్టించుట వారు నేర్పవలసిన మొదటి మెలకువ. చనుమొనల పగుళ్లు చాలవరకు దీనితోనే తగ్గును.

కష్టమంతయు తల్లి పనికి పోవునప్పుడు. ఫ్యాక్టరీలో బిడ్డకు పాలిచ్చుటకు రోజుకు రెండు విరామములను 1961 నాటి ప్రసూతి చట్టము కల్పించెను. పలాసలో ఇంటివద్ద జీడిగింజలు ఒలుచు స్త్రీకి, పొలములో నాట్లు వేయు స్త్రీకి అది అందలేదు. అట్టివారికి పాలను చేతితో పిండి శుభ్రమైన పాత్రలో మూతపెట్టి ఉంచు పద్ధతి నేర్పుదురు. చల్లని గదిలో నాలుగు గంటలవరకు అవి చెడవు. ఎండాకాలమున అంతసేపు ఉంచరాదు. ఆ పాలు పట్టుటకు సీసా వలదు. కడుగుటకు, మరగించుటకు సులువైన ఉగ్గుగిన్నె ఇంటనే యున్నది. బిడ్డను కొంచెము నిలువుగా ఒడిలో కూర్చుండబెట్టుకొని, గ్రుక్క గ్రుక్కకు ఆగుచు నాయనమ్మ పట్టవచ్చును.