క్రీడాకారుల్లో శక్తి లోపం: ఒక భావన పరిణామం

కఠిన శిక్షణలో ఉన్న క్రీడాకారిణికి నెలసరి ఆగిపోతే, అది సహజమేనని సరిపెట్టుకునే ధోరణి చాలాకాలం ఉండేది. అది శరీరం చేస్తున్న హెచ్చరిక అని గ్రహించి, అసలు కారణం తేల్చడానికి పరిశోధకులకు సుమారు 30 ఏళ్లు పట్టింది. ఆ క్రమాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం.

1974లో అమెరికా పరిశోధకులు రోజ్ ఫ్రిష్, జానెట్ మెకార్థర్ ఋతుక్రమం సాగాలంటే శరీరంలో కనీస స్థాయిలో కొవ్వు ఉండాలని ప్రతిపాదించారు. దీనితో అందరి దృష్టి శరీరం ఎంత సన్నగా ఉందన్న దానిపై నిలిచింది. 1984లో బార్బరా డ్రింక్‌వాటర్ బృందం, నెలసరి ఆగిన క్రీడాకారిణుల వెన్నెముకలో ఖనిజ సాంద్రత తక్కువగా ఉందని చూపింది. నష్టం ఎముకల దాకా వెళ్తోందన్నమాట. 1997లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ అస్తవ్యస్తమైన ఆహారపు అలవాట్లు, నెలసరి ఆగడం, ఎముకలు గుల్లబారడం అనే మూడింటినీ కలిపి 'క్రీడాకారిణుల త్రయం'గా వివరించింది.

అయితే మూలకారణం కొవ్వు తగ్గడమా, వ్యాయామపు ఒత్తిడా, ఆహారం చాలకపోవడమా? ఆన్ లౌక్స్ ప్రయోగాలు దీనికి సమాధానమిచ్చాయి. వ్యాయామం పోను మిగిలే శక్తి, కొవ్వు మినహా బరువులో కిలోకు రోజుకు 30 కిలోకేలరీల కంటే తగ్గితే, ఐదు రోజుల్లోనే పునరుత్పత్తి హార్మోన్ల లయ దెబ్బతింటుందని 2003లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

ఒక ఉదాహరణ చూడండి. కొవ్వు మినహా 45 కిలోల బరువున్న క్రీడాకారిణి రోజుకు 1,800 కిలోకేలరీల ఆహారం తిని, శిక్షణలో 600 ఖర్చు చేస్తే 1,200 మిగులుతాయి. అంటే కిలోకు సుమారు 27 మాత్రమే. ఆమె పూటపూటా తింటూనే ఉండవచ్చు, చూపులకు సన్నగా కనిపించకపోవచ్చు. అయినా శరీరానికి శక్తి చాలడం లేదు. అయితే 30 అనేది అందరికీ ఒకేలా వర్తించే గీత కాదని తర్వాతి పరిశోధనలు స్పష్టం చేశాయి.

2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ భావనను విస్తరించి, 'క్రీడల్లో సాపేక్ష శక్తి లోపం' అని పేరు పెట్టింది. పురుషులనూ ఇందులో చేర్చింది. ఎముకలు, ఋతుక్రమంతో పాటు జీవక్రియ, రోగనిరోధక శక్తి, గుండె ఆరోగ్యం కూడా దెబ్బతింటాయని పేర్కొంది. 2018, 2023లలో ఈ ప్రకటనను సవరించారు.

ఈ చరిత్ర వల్ల నివారణ మార్గం కూడా మారింది. బరువు చూసి నిర్ణయిస్తే చాలామంది బాధితులు గుర్తింపుకు రారు. నెలసరి తప్పడం, ఎముకల్లో పదేపదే పగుళ్లు, తగ్గని అలసట కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి. శిక్షణ పెంచిన రోజునే ఆహారమూ పెంచాలి. బరువు తగ్గమని ఒత్తిడి చేసే ముందు, ఆటగాడికి తగినంత తిండి అందుతోందా అని కోచ్ అడగాలి.