ఆస్పత్రి నుంచి గ్యారేజీకి వచ్చిన గ్లవ్స్

ఇంటి ముందే కారు కింద దూరి ఇంజినాయిల్ మార్చుకునే అలవాటు అమెరికాలో, బ్రిటన్‌లో చాలా పాతది. ఆ పనికి ముందు నీలం రంగువో, నల్లటివో పల్చటి గ్లవ్స్ తొడుక్కుని, పని కాగానే లాగి చెత్తబుట్టలో వేసే అలవాటు మాత్రం నిన్నమొన్నటిది. కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు కోరింది 1886లో. అప్పటినుంచి దాదాపు వందేళ్లు చేతులకు మడ్డి పూసుకోవడం, తర్వాత తోముకోవడం, అంతే పద్ధతి.

ఆ తోముకోవడమూ చిన్న కథ కాదు. టైర్లకు పేరుబడ్డ ఊరు అమెరికాలోని ఆక్రన్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అక్కడి రబ్బరు ఫ్యాక్టరీల కార్మికులు షిఫ్టు దిగగానే నల్లబడ్డ చేతుల్ని కిరోసిన్‌తోనూ బెంజీన్‌తోనూ కడిగేవారు. మురికి వదిలేది, దాంతోపాటు చర్మమూ ఒలిచినట్టయ్యేది. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసిన గోల్డీ లిప్‌మన్, ఆమె భర్త జెర్రీ 1946లో ఒక కొత్త క్రీము తయారుచేశారు. బట్టలుతికే మెషీన్లో కలిపి, కారు డిక్కీలో పెట్టుకుని అమ్మారు. అదే గోజో. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని బెల్పర్‌లో ఆడ్లీ విలియమ్సన్ స్వార్ఫెగా అనే ఆకుపచ్చ జెల్లీని తెచ్చాడు. అంతకుముందు అతని వ్యాపారం పట్టు మేజోళ్లను కాపాడే ద్రావణం. నైలాన్ మేజోళ్లు వచ్చి ఆ బేరం పోతే, మెకానిక్కుల చేతులు అతన్ని ఆదుకున్నాయి.

మన షెడ్లలో ఈ క్రీముల కన్నా ఎక్కువ వాడుకలో ఉన్నది కిరోసిన్‌లో ముంచిన వేస్ట్ గుడ్డ, ఆపైన గుప్పెడు సబ్బు పొడి లేదా రంపపు పొట్టు.

నల్లటి చేతులు పనిమంతుడి గుర్తుగా చెలామణీ అయ్యాయి గానీ, నూనె మడ్డి అమాయకపు మురికి కాదని వైద్యులకు ఎప్పుడో తెలుసు. 1775లోనే లండన్ సర్జన్ పెర్సివాల్ పాట్, పొగగొట్టాలు ఊడ్చే పనివాళ్ల మర్మస్థానంలో వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని రాశాడు. 1922లో సౌతమ్, విల్సన్ అనే ఇద్దరు మాంచెస్టర్ వైద్యులు అదే జబ్బును నూలు మిల్లుల్లో చూపించారు. అక్కడ కదుళ్లకు పోసే ఖనిజ నూనె చిమ్మి పనివాళ్ల బట్టల్లో ఇంకేది. సరిగా శుద్ధిచేయని ఖనిజ నూనెలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో పెట్టింది. నేటి ఇంజినాయిల్ బాగా శుద్ధయిందే. కానీ ఇంజిన్‌లో కాగిన కొద్దీ, పెట్రోలు సగం కాలగా మిగిలే హానికర పదార్థాలు అందులో చేరతాయి. డబ్బాలో తేనెరంగులో ఉన్నది నల్లగా కిందికి కారేసరికి గుణమూ మారిపోతుంది.

ఆస్పత్రిలో మాత్రం గ్లవ్స్ 1889-90 నాటికే వచ్చాయి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో నర్సు కారొలిన్ హాంప్టన్ చేతులు క్రిమిసంహారక ద్రావణానికి పొక్కిపోతుంటే, సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత పల్చటి గ్లవ్స్ చేయించాడు. రోగికి ఇన్ఫెక్షన్ సోకకుండా కాదు, పనిచేసే మనిషి చర్మాన్ని రసాయనం నుంచి కాపాడటానికి. మెకానిక్కు అవసరమూ అచ్చంగా అదే. మరి గ్యారేజీకి ఎందుకు రాలేదు? ఒకటి, ఖరీదు. ఆస్పత్రులే గ్లవ్స్‌ను ఉడకబెట్టి, పౌడరు చల్లి మళ్లీ మళ్లీ వాడేవి. వాడి పారేసే రకం 1960ల్లో గానీ మార్కెట్లోకి రాలేదు. రెండోది రబ్బరు స్వభావం. చెట్టుపాలతో చేసిన రబ్బరుకు నూనె పడదు. ఇంజినాయిల్ తగిలిన లేటెక్స్ గ్లవ్ కాసేపటికే ఉబ్బి, వేళ్ల దగ్గర వదులై, బోల్టు అంచు తగలగానే చిరుగుతుంది.

నూనెకు తట్టుకునే రబ్బరు అప్పటికే కారులో ఉంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు 1930 ప్రాంతంలో కనిపెట్టిన నైట్రైల్ రబ్బరుతోనే ఆయిల్ సీళ్లు, పెట్రోలు గొట్టాలు తయారయ్యేవి. అది చేతికెక్కడానికి ఆస్పత్రి కష్టం కావలసివచ్చింది. ఎయిడ్స్ భయంతో 1987లో అమెరికా ఆరోగ్య శాఖ ప్రతి రోగి రక్తాన్నీ ప్రమాదకరంగానే చూడాలంది. గ్లవ్స్ వాడకం ఒక్కసారిగా పెరిగింది. దాని వెంటే నర్సుల్లో లేటెక్స్ ఎలర్జీ పెరిగింది. బదులు వెతుకులాటలో నీల్ టిల్లాట్‌సన్ కంపెనీకి 1991లో పల్చటి నైట్రైల్ గ్లవ్‌పై పేటెంటు దక్కింది. 1931లో లేటెక్స్ బెలూన్ చేసినవాడూ ఈయనే. నర్సుల కోసం వచ్చిన ఆ గ్లవ్ నూనెకు చెక్కుచెదరదని మెకానిక్కులకు అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఇప్పుడు వీటిలో పెద్ద వాటా మలేషియాది. గొలుసుకు వేలాడే పింగాణీ చేతులు వరసగా ద్రావణంలో మునిగి, ఓవెన్ గుండా సాగి, చివర గ్లవ్స్ ఊడదీయించుకుని మళ్లీ మునగడానికి వెళ్తుంటాయి.

గ్లవ్ వేసుకున్నాం కదా అని ధీమా పనికిరాదు. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న క్లీనర్లు నైట్రైల్‌ను నిమిషాల్లో దాటి చర్మాన్ని చేరతాయి. లోపల చెమట పడితే, చిల్లు పడితే వెంటనే మార్చాలి. ఇక ఎలక్ట్రిక్ కారు సంగతి పూర్తిగా వేరు. దాని బ్యాటరీలో వందల వోల్టులుంటాయి. ఆ పనికి వెయ్యి వోల్టుల వరకు వాడదగినవిగా ధ్రువీకరించిన మందపాటి ఇన్సులేటెడ్ గ్లవ్స్, శిక్షణ పొందిన మనిషి ఉండాలి. ఆ వోల్టేజీని మోసే నారింజ రంగు కేబుల్ కనిపిస్తే నైట్రైల్ గ్లవ్స్‌తో దాన్ని ముట్టుకోవద్దు.