చప్పుడు జాడ: పాత కార్లు, మన మిస్త్రీలు

బొంబాయిలో తెలుగువారి చరిత్రను వ్రాయబూనిన ప్రతివారును రాతితోను సున్నముతోను ఆరంభింతురు. అది న్యాయమే. 1780 ప్రాంతములందు హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వెలసి సముద్రపు పోటునకు అడ్డుపడిన పిమ్మట, అంతవరకు నీట మునుగుచుండిన పల్లపు నేలలు క్రమముగా నివాసయోగ్యములైనవి. నైజాము రాజ్యమునుండి కూలికై తరలివచ్చిన మన పూర్వులు అచ్చట గుడిసెలు వేసికొనిరి. ఇచ్చటివారు వారిని కామాఠీలని పిలిచిరి, పేట కామాఠీపురమైనది. వారిలో కొందరు కాలక్రమమున కాంట్రాక్టర్లై పెద్ద కట్టడములు చేపట్టిరి. 1873లో జోతిరావు ఫూలే మహాశయుడు సత్యశోధక సమాజమును స్థాపించిన తరువాత, బొంబాయిలో ఆయనకు బాసటగా నిలిచినవారిలో వ్యంకు బాలోజీ కాళేవార్, జయ కరాడీ లింగు వంటి తెలుగు కాంట్రాక్టర్లుండిరి. ఈ సంగతులు మన సంఘ సభలలో పలుమారులు చెప్పబడినవే.

రాతి తరువాత ఇనుము వచ్చెను. ఆ అధ్యాయమును మనవారు అంతగా వ్రాయలేదు. నేను మోటారు పనివాడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి జీవితమంతయు గుమాస్తాగిరి చేసి విరమించినవాడను. కాని మా మేనమామ కారు మిస్త్రీ. ఆయన పనిలో ఒక చిన్న భాగమును, అనగా పాతకారులో చప్పుడును, వణుకును జాడదీసి పట్టుకొను విద్యను గూర్చి నాకు తెలిసినంత ఇచ్చట నివేదింతును.

ముందుగా కార్ల చరిత్ర కొంత. బొంబాయి వీధులలో మోటారుకార్లు 1890ల చివరి సంవత్సరములలో కానవచ్చినవి. తొలి యజమానులలో జంషెట్జీ టాటా ఒకరు. 1911లో మోటారు టాక్సీలు వచ్చినవి. 1928లో జనరల్ మోటార్స్ వారు శివడీలో విడిభాగములు బిగించి కార్లు తయారుచేయు కర్మాగారమును తెరచిరి. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను నెలకొల్పెను. వారి కుర్లా కర్మాగారమునుండి 1954 మొదలు ఫియట్ 1100 కార్లు వెలువడినవి. దాని మూతి ఆకారమును చూచి బొంబాయి జనులు డుక్కర్ ఫియట్ అని ముద్దుపేరు పెట్టిరి. ఆ వంశములోనిదే పిమ్మట ప్రీమియర్ పద్మిని యను పేరు దాల్చి ఈ నగరపు నలుపు పసుపు టాక్సీ అయినది. చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరులో తాడ్‌దేవ్ కార్యాలయమున నమోదై, ఇరువది యేండ్ల గడువు తీరగా 2023 అక్టోబరులో రోడ్డు వీడెను.

ఇంగ్లండులో వింటేజి కారనగా 1919 మొదలు 1930 వరకు తయారైనది మాత్రమే. మన దేశమున 2021లో వచ్చిన నిబంధనల ప్రకారము ఏబది యేండ్లు దాటిన సొంతపు బండి వింటేజిగా నమోదు కాదగును. దాని నంబరులో వి, ఏ అను అక్షరములుండును. ఈ లెక్కన మా మామ చేతిమీదుగా పోయిన బండ్లలో ననేకము నేడు వింటేజి కార్లే.

చప్పుడుపై పోరాటము మోటారు పుట్టినప్పటినుండియు నున్నది. రోల్స్ రాయిస్ వారు 1907లో తమ కారొకదానికి వెండి రంగు వేసి సిల్వర్ గోస్ట్ అని నామకరణము చేసిరి. దయ్యమువలె నిశ్శబ్దముగా పోవుననుట వారి భావము. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అను ఆంగ్ల ఇంజనీరు క్రాంక్ షాఫ్టు వణుకును అణచు సాధనములను కనిపెట్టెను. 1931లో అమెరికాలో ప్లిమత్ కారు ఇంజనును రబ్బరు దిమ్మలపై నిలిపి, ఆ ఏర్పాటునకు ఫ్లోటింగ్ పవర్ అని పేరిడిరి. ఇవి కారును నిర్మించువారి ఉపాయములు. ముప్పది నలువది యేండ్లు నడిచి వదులైన బండిని కుదుటబరచుట మాత్రము గల్లీలోని మిస్త్రీ చెవికే మిగిలిన పని.

మామ పద్ధతి యిట్టిది. బండి రాగానే పానా పట్టడు. డిక్కీలోని జాకీ, పనిముట్లు, సీసాలు అన్నియు దింపించును. సగము గలగలలు అచ్చటనే తీరిపోవును. పిమ్మట యజమానిని మూడు ప్రశ్నలడుగును: బండి నిలిచియుండగా వచ్చునా? ఏ వేగమున వచ్చును? వాన కురిసిననాడు వచ్చునా?

మొదటి ప్రశ్నలో ఇంజను తేలును. నిలిచిన బండిలో ఇంజను వేగము పెంచినపుడు చప్పుడు పెరిగినచో తప్పు ఇంజనులోనో, సైలెన్సరు కట్టులోనో వెదకవలెను. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుపై ఆనించి, పిడిని చెవికి చేర్చి, వైద్యుడు రోగి గుండె విన్నట్లు వినును. నడకలో మాత్రమే వచ్చు వణుకైనచో ఖాళీ రోడ్డుపై బండిని ఆ వేగమునకు తెచ్చి గేరును న్యూట్రలునకు మార్చును. అప్పుడు ఇంజను వేగము పడిపోవును, బండి వేగము నిలుచును. వణుకు అట్లే యున్నచో చక్రములో, వాటికి నడక నిచ్చు ప్రొపెల్లర్ షాఫ్టో కారణము.

రెండవ ప్రశ్నలో ఆ రెంటిని వేరుచేయు గణితము కలదు. రెండడుగుల వ్యాసము గల చక్రము గంటకు 40 మైళ్ల వేగమున సెకనునకు సుమారు 9 మారులు తిరుగును. వెనుక ఇరుసు పళ్ల నిష్పత్తి నాలుగున్నర యైనచో షాఫ్టు సెకనునకు సుమారు 42 మారులు తిరుగును. కనుక బరువు సమముగా లేని చక్రము లెక్కింపదగిన ఊపునిచ్చును. ముందు చక్రమైన స్టీరింగులోను, వెనుక చక్రమైన సీటులోను అది తెలియును. షాఫ్టు తప్పినచో అది నేలనుండి పుట్టు ఝుంకారమువలె నుండును. ఈ లెక్క నేను కాగితముపై వేసి చూపగా మామ నవ్వెను. ఆయన దానిని అరికాలితో తెలిసికొనువాడు.

మూడవ ప్రశ్న బొంబాయి వానలు నేర్పినది. కమాన్ పట్టీల నడుమ కందెన ఎండినను, రబ్బరు బుష్షు ఆరినను కిర్రుమనును. నీరు తగిలిన కొంతసేపు ఊరకుండును. వానలో మాయమై ఎండలో తిరిగివచ్చు కిర్రును ఇంజనులో వెదకుట వ్యర్థము. పూర్వపు కార్లలో కర్రచట్రముపై రేకు తొడిగిన బండ్లు కలవు. వాటి కీళ్లు ఎండకాలమున కుదించుకొని వదులై ఏడ్చును, వానకాలమున ఉబ్బి తలుపులు పట్టివేయును. బోనెట్టు ఆనుచోట రేకు రేకును తాకకుండ నేత పట్టీ నుంతురు. అది చిరిగినపుడు మామ మంచపు నవారు ముక్కను కుట్టి బిగించువాడు.

ఒక్క ఉదంతము చెప్పి ముగింపునకు వత్తును. 1983లో ఒక పార్సీ పెద్దమనిషి తన 1937 నాటి మోరిస్ ఎయిట్ కారును తెచ్చెను. ముప్పది మైళ్లు దాటగానే వణుకు; గుంతలో పడినపుడెల్ల టంగుమని చప్పుడు. వణుకు రెండు దినములలో తేలెను. ఎవరో షాఫ్టు విప్పి మరల బిగించునపుడు గుర్తు పెట్టుకొనక, రెండు కొనల కీళ్లు ఒకే తలమున నుండవలసినవానిని పెడగా కూర్చిరి. సరిచేయగా వణుకు పోయెను. టంగు మాత్రము పోలేదు. మామ కమాన్ పిన్నులు మార్చెను, తలుపు గొళ్లెములు బిగించెను, నన్ను వెనుక సీటులో పరుండబెట్టి నాగ్‌పాడా చుట్టు త్రిప్పెను. ఏడవనాడు ఎడమ తలుపు లోపలి అట్టను విప్పగా అడుగున ఒక నట్టు దొరకెను. దానిని అరచేత నుంచుకొని ఆయన చాలసేపు పలుకలేదు. పిమ్మట, “ఇది నాదే అల్లుడా. పదేండ్ల కింద ఈ తలుపు అద్దం నేనే ఎక్కించిన. అప్పుడు ఒకటి తక్కువొస్తే పెట్టెల కెల్లి ఇంకొకటి తీసి పెట్టిన. కింద పడ్డదాన్ని ఎతకలే,” అనెను. ఆ ఏడు దినముల కూలి పుచ్చుకొనలేదు. యజమానికి నట్టును చూపి జరిగినది జరిగినట్లు చెప్పెను. దాచినచో నెవ్వరికిని తెలిసెడిది కాదు.

ఆ దినముననే నేనొక నోటుపుస్తకము తెరచితిని. గుమాస్తా బుద్ధి కనుక మూడు గడులు గీచితిని: చప్పుడు, వేగము, దొరకిన చోటు. రెండేండ్లలో అది నిండెను. నేటికిని నా పెట్టెలో నున్నది. కాని దానిని ఇటీవల విప్పి చూచినపుడు నా మనస్సు చివుక్కుమన్నది. మామ ప్రతి చప్పుడునకు వేరువేరు పేరు చెప్పువాడు. గలగల యన్న వదులైన చిన్న వస్తువు. లొడలొడ యన్న అరిగిన బుష్షు. టకటక యన్న ట్యాపెట్. కిర్రు వేరు, కీచు వేరు, గర్రు వేరు. ఊరినుండి వచ్చిన మాటలు, ఎడ్లబండి ఇరుసునుండియు మగ్గమునుండియు ఎత్తుకొన్న మాటలు ఇంకను ఎన్నియో వాడెడివాడు. మెట్రిక్యులేటునను గర్వముచే నేను వానినన్నిటిని మోటు మాటలని కొట్టివేసి, మొదటి గడిలో “సౌండు” అనియు “వైబ్రేషను” అనియు శుభ్రముగా వ్రాసికొంటిని. వేగము సరిగానున్నది, చోటు సరిగానున్నది. ఏ చప్పుడో మాత్రము తెలియదు. పైన చెప్పిన ఐదారు మాటలు జ్ఞాపకమున మిగిలినవి. తక్కినవి మామతో పోయినవి.

మా మనుమడు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు చక్కగా మాట్లాడును. మొన్న ఫ్యాను ఏదో పలుకుచుండగా “తాతా, నాయిస్ వస్తోంది” అనెను. ఎట్టి చప్పుడని అడిగితిని. వాని యొద్ద మరియొక మాట లేదు. తప్పు వానిది కాదు. మాట అందింపవలసిన చోట నేనే తెంచితిని.

కామాఠీపురమును పడగొట్టి కొత్తగా కట్టు ప్రయత్నములు నడచుచున్నవి. చాళ్లు పోయి ఎత్తైన భవనములు లేచిన పిమ్మట గల్లీల నంబర్లు కూడ జ్ఞాపకములగును. మన ఇండ్లలో ఇంకను మేస్త్రీలు, నేతగాండ్రు, డ్రైవర్లు, ఫిట్టర్లుగా పనిచేసి విరమించిన వృద్ధులున్నారు. సంఘ సభ్యులకు నా మనవి యొక్కటే. వారి యొద్ద కూర్చుండి వారి పని మాటలను, వారు పలికినది పలికినట్లు, దిద్దకుండ వ్రాసికొనుడు. పుస్తకము కావలెనన్న నా నోటుపుస్తకమున వెనుక ఖాళీ పుటలు పదునాలుగు కలవు. మొదటి గడిని ఈమారు వారి నోటితోనే నింపుదము.