వెన్నుపాముకు నీటి ముప్పు

మా కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలకు విద్యార్థులు ఏటేటా తమ ఊళ్ళ బావినీళ్ళను సీసాలలో పట్టి తెచ్చి, వానిలోని ఫ్లోరైడును కొలుస్తుంటారు. వరంగల్లుకు నల్లగొండ ప్రాంతము పొరుగే కనుక ఆ వైపు పల్లెల నీళ్ళు కూడ వస్తుంటవి. ఒకనాడు అట్టి విద్యార్థి ఒకడు తన సీసాలోని నీటిలో లీటరుకు 5 మిల్లిగ్రాముల ఫ్లోరైడు తేలిన పిమ్మట నా దగ్గరకు వచ్చి, "మా తాత నడుము వంగి, కాళ్ళు పడిపోయి మంచం మీదనే ఉన్నడు సార్. ఆపరేషన్ చేస్తే మళ్ళ నడుస్తడా?" అని అడిగినాడు.

రసాయనశాస్త్రము చెప్పుకొనే నావంటివాడు వెంటనే జవాబు చెప్పగల ప్రశ్న కాదిది. జవాబు వెదకబోతే అది ఒక పెద్ద చరిత్రకు దారితీసినది. ఆ చరిత్రలో ఎడ్లు ఉన్నవి, రసాయనజ్ఞులు ఉన్నారు, మెదడును వెన్నుపామును కోసి బాగుచేయు శస్త్రచికిత్సకులు ఉన్నారు. అందులో అధిక భాగము మన తెలుగుదేశములోనే జరిగినది.

ఎడ్లు తెలిపిన వ్యాధి

1930 దశకము మొదట్లో మన ప్రాంతపు రైతులు ఒక వింత గమనించినారు. ఈడు మించని ఎడ్లు కీళ్ళు బిగిసి, నడవలేక, నాగలి లాగలేక కూలబడిపోతున్నవి. ఆ నీరే త్రాగుతున్న మనుష్యుల మీదికి వైద్యుల దృష్టి మళ్ళడానికి మరికొన్నేండ్లు పట్టినది.

1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి ఒక పరిశోధన వ్యాసము ప్రకటించినారు. వారు చూచిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివి. తరువాత ప్రకాశము జిల్లాలో చేరిన సీమ. అక్కడి వారికి చిన్ననాడే పండ్లపై గారలు కనబడేవి. నడివయస్సు వచ్చేసరికి మెడ, నడుము బిగిసి వెన్నెముక అంతా ఒకే కర్రవలె అయ్యేది. ప్రక్కకు చూడవలెనన్న మెడ తిరుగదు, మనిషే తిరుగవలె. వ్యాధి బాగా ముదిరినవారికి కాళ్ళు చచ్చుబడేవి. అదే సంవత్సరము షార్ట్ మరికొందరు మద్రాసు వైద్యులతో కలిసి వ్రాసిన మరొక వ్యాసములో ఎక్సురే నిపుణుడు బర్నార్డు కూడ పాల్గొన్నాడు. ఈ షార్టే తరువాత 1948లో గార్న్‌హామ్‌తో కలిసి, మలేరియా క్రిమి మనిషి రక్తములో చేరకముందు కాలేయములో పెరుగునని కనిపెట్టినవాడు.

ఈ ముగ్గురికంటె ముందే ఇతర దేశములలో కొన్ని ఆధారములు లభించి ఉన్నవి. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరిలో మెకే అనే దంతవైద్యుడు 1901 నుండి గారపండ్లను చూస్తూ కారణము వెదకినాడు. దానికి కారణము నీటిలోని ఫ్లోరైడు అని 1931లో చర్చిల్ అనే రసాయనజ్ఞుడు తేల్చినాడు. 1932లో కోపెన్‌హేగెనులో క్రయోలైట్ అనే ఫ్లోరిన్ ఖనిజపు దుమ్ము పీల్చిన కార్మికుల ఎముకలు గట్టిపడియుండుట మరి ఇద్దరు వైద్యులు చూచినారు. నెల్లూరు పల్లెలలో దుమ్ము లేదు, కర్మాగారము లేదు. ఉన్నది బావి ఒక్కటే.

ఎముకలో జరిగే మార్పు

ఫ్లోరైడు నీటిలోకి ఎట్లు వస్తుంది? మన దక్కను పీఠభూమిలోని నల్లరాతిలో, అనగా గ్రానైటులో, ఫ్లోరైట్, ఎపటైట్, నల్ల అభ్రకము వంటి ఖనిజములు ఉన్నవి. వాననీరు రాతి పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచి వాని నుండి ఫ్లోరైడును కరగించుకొంటుంది. నీటిలో సున్నపు పాలు తక్కువగా, సోడా గుణము ఎక్కువగా ఉన్నచోట ఈ కరగుట మరింత ఎక్కువ.

కడుపులోనికి పోయిన ఫ్లోరైడులో కొంత మూత్రములో పోతుంది. మిగిలినది ఎముకలో చేరుతుంది. శరీరములోని ఫ్లోరైడులో నూటికి 99 పాళ్ళు ఎముకలలోను పండ్లలోను ఉంటుంది. ఎముకలోని సున్నపు స్ఫటికములో హైడ్రాక్సిల్ అనే భాగమొకటి ఉన్నది. ఫ్లోరైడు పరిమాణములో దానికి దాదాపు సమానము కనుక దానిని నెట్టివేసి ఆ చోట కూర్చొనగలదు. అంతటితో ఆగదు. ఎముకను నిర్మించే కణములను ప్రేరేపించి, ఎముక అక్కరలేనిచోట కూడ ఎముక పుట్టిస్తుంది. కీళ్ళను కలిపి ఉంచే మెత్తని బంధనములు సైతము రాయివలె గట్టిపడతవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ త్రాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లిగ్రాములు. మా విద్యార్థి తెచ్చిన నీటిలో ఉన్నది 5. నీడపట్టున కూర్చొని రోజుకు 2 లీటర్లు త్రాగేవానికి 10 మిల్లిగ్రాములు చేరితే, ఎండలో పనిచేసి 6 లీటర్లు త్రాగే కూలివానికి 30 చేరుతుంది. ఒకే ఊరు, ఒకే బావి అయినా, కష్టజీవినే ఈ వ్యాధి ఎక్కువగా వంచడానికి ఇది ఒక కారణము. తిండిలో పాలు, సున్నపు పదార్థములు తక్కువ కావడము మరొక కారణము.

కత్తి వెన్నెముకను చేరిన విధము

వెన్నుపూసల నడుమ ఒక ఎముకల గొట్టము, దాని లోపల వెన్నుపాము ఉన్నవి. పెద్దవారి మెడలో ఆ గొట్టము ముందునుండి వెనుకకు సుమారు 17 మిల్లిమీటర్లు. వెన్నుపాము మందము అందులో దాదాపు సగము. మిగిలిన ఖాళీయే దానికి రక్ష. ఫ్లోరోసిస్‌లో ముందునుండి ఒక బంధనము, వెనుకనుండి మరొక బంధనము ఎముకగా మారి లోనికి పెరుగుతవి. పూసల ఎముక కూడ దళసరి అవుతుంది. గొట్టము ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. మొదట కాళ్ళు చేతులు తిమ్మిరెక్కుట, తరువాత బిగిసికొనుట, కడపట పడిపోవుట, మూత్రముపై అదుపు తప్పుట జరుగుతవి. ఎముకలకు ఫ్లోరోసిస్ సోకినవారిలో సుమారు నూటికి పదిమందికి ఇట్టి నాడీ సంబంధమైన బాధ వస్తుందని వైద్యుల అంచనా.

ఈ ఇరుకును తీయుటకు వెనుకవైపు ఎముకను కోసి గొట్టమును విప్పవలె. దీనిని లామినెక్టమీ అంటారు. 1829లోనే అమెరికాలో స్మిత్ అనే వైద్యుడు దెబ్బతిన్న వెన్నెముకకు ఇట్టి ప్రయత్నము చేసినాడు. మత్తుమందు రాక, చీము పట్టకుండ కోయు పద్ధతి తెలియక ఆ విద్య చాలకాలము ముందుకు సాగలేదు. 1887లో లండనులో గౌవర్స్ అనే వైద్యుడు రోగిని పరీక్షించి చోటు చెప్పగా, హార్స్‌లీ అనే శస్త్రచికిత్సకుడు వెన్నుపామును నొక్కుతున్న గడ్డను తీసివేసినాడు. కాళ్ళు పడిపోయిన ఆ రోగి మరల నడచినాడు. వెన్నుపాముపై ఒత్తిడి తీస్తే పోయిన శక్తి తిరిగి రావచ్చునని లోకము అప్పుడు నమ్మినది. 1921లో సికార్, ఫోరెస్టియే అనే ఫ్రెంచి వైద్యులు వెన్నులోనికి ఒక తైలమును ఎక్కించి, ఒత్తిడి ఎక్కడ ఉన్నదో ఎక్సురేలో చూపించినారు.

మెదడు రక్తనాళములకు చికిత్స కూడ ఆ కాలమందే పెరిగినది. 1927లో పోర్చుగల్ వైద్యుడు మోనిజ్ మెదడు రక్తనాళములను ఎక్సురేలో చూపే పద్ధతి కనిపెట్టినాడు. 1937లో అమెరికాలో డాండీ, ఉబ్బి పగులనున్న మెదడు రక్తనాళమునకు చిన్న లోహపు క్లిప్పు పెట్టి రోగిని కాపాడినాడు. షార్ట్ బృందము నెల్లూరు పల్లెలను గురించి వ్రాసినది కూడ ఆ 1937లోనే. అప్పటికి మన దేశములో ఈ శాస్త్రమునకు ఒక్క శాఖ అయినా లేదు. 1949లో వెల్లూరులో జేకబ్ చాండీ మొదటి శాఖను నెలకొల్పినాడు. 1950లో మద్రాసులో రామమూర్తి పని ప్రారంభించినాడు. 1951లో వారు మరి ఇద్దరితో కలిసి భారత నాడీశాస్త్ర సంఘమును స్థాపించినారు. ఆ తరువాత మన విశాఖపట్టణములోను, హైదరాబాదులోను ఈ శాఖలు వెలసినవి.

నల్లగొండ అనుభవము

హైదరాబాదు రాష్ట్రము ఉండగానే, 1955లో, సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి వ్రాసిన వ్యాసము బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. పంజాబులో జాలీ మొదలైనవారు 1960 దశకములో ఇదే వ్యాధివలన కలిగే నాడీబాధలను వర్ణించినారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి, ఫ్లోరైడు ప్రాంతపు పిల్లలలో మోకాళ్ళు లోనికి వంగే వికృతిని లోకమునకు తెలిపినారు.

వెన్నుపాము విషయములో పేర్కొనవలసినవాడు డాక్టర్ డి. రాజారెడ్డి. హైదరాబాదులో నాడీ శస్త్రచికిత్సకుడుగా పనిచేసిన ఈయన నల్లగొండ రోగులను ఏండ్ల తరబడి చూచినాడు. 1979లో నాడీవైద్యుల ప్రామాణిక గ్రంథమాలలో ఫ్లోరోసిస్ అధ్యాయము వ్రాసినవాడు ఈయనే. 2009లో తన అనుభవమును మరల ఒక సమీక్షగా వెలువరించినాడు.

ఈ శస్త్రచికిత్స ఎంత కష్టమో కొంచెము చెప్పవలె. మెడ వంగదు కనుక మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోనికి గొట్టము దింపుటయే చిక్కు. ప్రక్కటెముకలు బిగిసి రొమ్ము విప్పారదు కనుక ఊపిరి చాలదు. మామూలు రోగిలో ఎముక క్రిందికి పనిముట్టు పెదవిని దూర్చి కొద్దికొద్దిగా కొరుకవచ్చును. ఈ రోగిలో ఎముకకు వెన్నుపాముకు నడుమ ఆ సందే లేదు. పనిముట్టు దూర్చితే అదే వెన్నుపామును నొక్కుతుంది. కనుక వేగముగా తిరిగే డ్రిల్లుతో ఎముకను గ్రుడ్డుపెంకు అంత పలుచన చేసి, అటుపిమ్మట జాగ్రత్తగా పైకి లేపవలె. శస్త్రచికిత్సకు వాడే సూక్ష్మదర్శిని, ఎం.ఆర్.ఐ. చిత్రములు వచ్చిన తరువాత ఈ పని కొంత సుకరమైనది.

ఫలితము మాత్రము అందరికీ ఒకటి కాదు. ఒత్తిడి ఒకటి రెండు చోట్లనే ఉండి, కాళ్ళు బలహీనపడి కొద్దికాలమే అయితే మేలు కనబడవచ్చును. మెడనుండి నడుము వరకు గొట్టమంతా ఇరుకై, కాళ్ళు పడిపోయి ఏండ్లు గడచితే, ఎముకను తీసినా లోపల నశించిన నాడీకణములు మరల పుట్టవు. పైగా రోగి ఇంటికి పోయి ఆ బావినీళ్ళే త్రాగితే చేసిన పని యావత్తు వృథా.

బావివద్ద చేయవలసిన చికిత్స

అందుచేత ఈ వ్యాధికి అసలు వైద్యము నీటిని మార్చడమే. 1970 దశకములో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ ఒక సులభ పద్ధతిని రూపొందించినది. నీటిలో సున్నము, పటిక, బ్లీచింగ్ పొడి కలిపి బాగా త్రిప్పి, తేరనిచ్చి, వడగట్టడమే ఆ పద్ధతి. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. ఒక జిల్లా బాధ ఆ విధముగా ఒక శాస్త్రపద్ధతికి పేరైనది. ఇది చౌక అయినదే. కాని పటిక పాళ్ళు నీటిని బట్టి మార్చుకొనవలె, అడుగున చేరిన మడ్డిని దూరముగా పారవేయవలె. రోజూ శ్రద్ధ చూపేవారు లేనిచోట ఇది నిలువలేదు.

అంతకంటె నమ్మదగిన మార్గము నదీజలము. కృష్ణ, గోదావరి నీళ్ళు రాతిపొరలలో ఏండ్లకొలది నిలిచినవి కావు కనుక వానిలో ఫ్లోరైడు తక్కువ. 2016లో తెలంగాణలో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము ఈ నీటిని శుద్ధిచేసి గొట్టముల ద్వారా పల్లెలకు చేర్చినది. అయితే ఇంటికి గొట్టము వచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. రుచి బాగున్నదనో, చేనివద్ద అదే అందుబాటులో ఉన్నదనో బోరునీరు త్రాగేవారికి ముప్పు తప్పలేదు. మంచినీరు ముందుగా పసిపిల్లలకు చేరవలె. ఎనిమిదేండ్ల లోపల, పండ్లు లోపల తయారగుచున్న వయస్సులో, ఫ్లోరైడు తగలకుంటే వారికి గారపండ్లు రావు. ఎముకలో పోగుపడే ఫ్లోరైడు కూడ తగ్గుతుంది.

ఇక మా విద్యార్థి ప్రశ్నకు వస్తాను. నేను వైద్యుడను కాను, తెలిసినంత చెప్పినాను. "తాతను ఆలస్యము చేయక నాడీ శస్త్రచికిత్సకునికి చూపించు. ఫ్లోరైడు ఊరిలో కాళ్ళు పడిపోయిన ప్రతివారికి కారణము ఫ్లోరైడే అనుకోరాదు. వెన్నెముక క్షయ కావచ్చు, గడ్డ కావచ్చు. అవి బాగుచేయదగినవి. ఫ్లోరైడే అయినా ఒత్తిడి ఒకచోటనే ఉంటే ఆశ ఉన్నది. అంతటా ఉంటే ఆయన నడవకపోవచ్చును. అప్పుడు పుండ్లు పడకుండ చూచుకొనడము, మూత్రమునకు చిక్కు రాకుండ చూడడము మీ పని" అన్నాను.

అతడు కొంతసేపు మాటాడలేదు. తరువాత, "మా తమ్ముడు ఇంకా ఆ నీళ్ళే తాగుతున్నడు సార్" అన్నాడు. మరునాడు అతడు మరి రెండు సీసాలు తెచ్చినాడు. ఒకటి వారి ఇంటి ముందరి నల్లా నీరు, రెండవది బడిలోని బోరునీరు. రెండింటినీ కలిసి పరీక్షించినాము. నల్లానీరు హద్దులోపలనే ఉన్నది. బడినీరు 4 మిల్లిగ్రాములు దాటినది. ఆ అంకెను కాగితము మీద వ్రాసుకొని, బడి పంతులుగారికి చూపిస్తానని అతడు వెళ్ళినాడు.