ఒక మీట, రెండు అక్షరాలు

కీబోర్డు చరిత్రంటే నాకు వేలికీ అక్షరానికీ మధ్య నడిచిన తగాదాల చరిత్రే. 1874లో రెమింగ్టన్ వాళ్లు అమ్మకానికి తెచ్చిన షోల్స్–గ్లిడెన్ టైప్‌రైటర్‌లో వేగంగా కొడితే అక్షరాల కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకునేవి. విడదీస్తే సరిపోయేది.

నేను సొంతంగా బిగించుకున్న మొదటి మెకానికల్ కీబోర్డులో అలా చిక్కుకునే కడ్డీల్లేవు. అయినా 'కల' అని కొడితే 'కకల' అని పడేది. స్విచ్ లోపలి లోహపు రేకులు తగిలేటప్పుడు ఒక్కసారిగా కుదురుకోవు, కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడతాయి. ఆ అదురుని చిప్ మరో నొక్కుగా లెక్కేస్తుంది. అందుకే ఫర్మ్‌వేర్ కాసేపు ఆగి చూస్తుంది. దాన్నే డీబౌన్స్ అంటారు. క్యూఎంకేలో అది మామూలుగా 5 మిల్లీసెకన్లు.

నా చిప్‌కి ఆ గడువు చాల్లేదు. 'క' స్విచ్ పీకి 'ప' చోట పెట్టా. ఈసారి 'ప' రెండేసి పడింది. అంటే లోపం బోర్డుది కాదు, స్విచ్‌ది. కొత్తది పెడితే తీరిపోయింది.

అదే చాలా ల్యాప్‌టాప్‌లలో అయితే ఒక్క మీట కోసం కీబోర్డు మొత్తం మార్చాలి. ఈ నూట యాభై ఏళ్లలో మనకి వేగం పెరిగింది. తప్పెక్కడుందో చేత్తో వెతుక్కునే వీలు మాత్రం తగ్గుతూ వచ్చింది. సొంతంగా బిగించుకునే కీబోర్డుని కొందరు ఖరీదైన సరదా అంటారు. నాకు మాత్రం ఆ వీలుని వెనక్కి తెచ్చుకోవడంలా కనిపిస్తుంది.