వేజ్

డ్రైవర్లు ఇచ్చే సమాచారంతోనే డ్రైవర్లకు దారి చూపే మొబైల్ యాప్. ఇజ్రాయెల్‌లో ఎహుద్ షబ్తాయ్ 2006లో మొదలుపెట్టిన ‘ఫ్రీమ్యాప్ ఇజ్రాయెల్’ దీనికి మూలం. 2008లో ఊరి లెవీన్, అమీర్ షినార్‌లతో కలిసి దాన్ని కంపెనీగా మార్చారు. 2013లో గూగుల్ కొనేసింది. యాప్ తెరిచి బండి నడిపితే చాలు, జీపీఎస్ వల్ల వేగం తెలిసిపోతుంది. బండ్లన్నీ నెమ్మదించాయంటే అక్కడ జామ్ అయినట్టు లెక్క. ప్రమాదం, గుంత, పోలీసు తనిఖీ వంటివి మాత్రం మనుషులే తెలపాలి. వెనక వచ్చేవారు అవునంటే హెచ్చరిక నిలుస్తుంది, లేదంటే తొలగిపోతుంది. మ్యాపును సరిదిద్దేదీ స్వచ్ఛంద కార్యకర్తలే. వాడేవారు పలచగా ఉన్న ఊళ్లో ఇదంతా దాదాపు వృథా. జామ్ తప్పించబోయి ఇళ్ల మధ్య వీధుల్లోకి వాహనాలను మళ్లిస్తోందని లాస్ ఏంజిలిస్‌లో నివాసులు గొడవ పెట్టారు. తమ ఉనికిని చూపడంపై అమెరికా పోలీసు అధికారులు కొందరు అభ్యంతరం చెప్పారు.